టెంప్లేటుతో సైటు చేసి డబ్బు తీసుకుంటే మోసమా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు: "మా వాడు బీసీఏ అయ్యాక ఊళ్లో లాడ్జీలకీ కోచింగ్ సెంటర్లకీ వెబ్‌సైట్లు చేసి డబ్బు తీసుకుంటున్నాడు. అవన్నీ రెడీమేడ్ టెంప్లేట్లేనని ఈమధ్యే తెలిసింది. మెడికల్ షాపు పెట్టుకుని పరువుగా బతుకుతున్నవాళ్లం. ఇది జనాన్ని మోసం చెయ్యడం కాదా? మాన్పించి హైదరాబాద్‌లో లక్షన్నర ఫీజుతో ఫుల్‌స్టాక్ కోర్సులో వేద్దామనుకుంటున్నాను. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి."

అయ్యా, మీరు అమ్మే మాత్రలు మీరే తయారు చేస్తున్నారా? చీటీ సరిగ్గా చదివి ఇస్తారని, గడువు దాటిన మందు అంటగట్టరని నమ్మి జనం మీ దగ్గరికి వస్తున్నారు. మీ అబ్బాయి పనీ అలాంటిదే. లాడ్జి యజమానికి కావలసింది ఫోన్లో చప్పున తెరుచుకునే పేజీ, గదుల ఫోటోలు, నొక్కితే కలిసే నంబరు. లోపలి కోడు ఎవరు రాశారో ఆయనకెందుకు? ప్రపంచంలో పది సైట్లలో దాదాపు నాలుగు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. వాటిని చేసినవాళ్లంతా మొదటి అక్షరం నుంచీ సొంతంగా రాసుకున్నారనుకుంటున్నారా?

మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ టెంప్లేట్లు ఎక్కడివి? వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలోని ఉచిత థీమ్‌లు (టెంప్లేట్లకు అక్కడి పేరు) ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సువి. ఎంతమంది క్లయింట్లకు వాడినా తప్పులేదు. టెంప్లేట్లు అమ్మే థీమ్‌ఫారెస్ట్ సైటులో మామూలు లైసెన్సుతో కొన్నది ఒక్క సైటుకే చెల్లుతుంది, రెండో క్లయింటుకు మళ్లీ కొనాలి. హెచ్‌టీఎంఎల్5 అప్ అనే సైటులోని టెంప్లేట్లు ఉచితమే గానీ, చేసినవాళ్ల పేరు తీసేయకూడదు. ఇక నల్డ్ పేరుతో టెలిగ్రామ్‌లో తిరిగే పైరసీ కాపీలున్నాయి చూశారూ, అవి బిల్లు లేని సరుకు. వాటిలో దొంగ కోడు దాచి ఉండడం మామూలే, ఏదో ఒక రోజు లాడ్జి సైటు తెరిస్తే జూదం ప్రకటనలు వస్తాయి. బాబు అవి వాడుతుంటే మాత్రం కూర్చోబెట్టి గట్టిగా చెప్పండి. "కోడంతా నేనే రాశాను" అని చెప్పి ఎక్కువ వసూలు చేస్తున్నా అంతే.

ఇప్పుడు ఆ కోర్సు సంగతి. ఈ ఫుల్‌స్టాక్ మోజు మీద నాకు పెద్ద నమ్మకం లేదు, దాచుకోను. సైటులో కంటికి కనిపించే భాగం, వెనకాల నడిచే భాగం రెండూ నేర్పుతామని, కొద్ది నెలల్లో జావాస్క్రిప్ట్, రియాక్ట్, నోడ్, డేటాబేస్ అన్నీ పూర్తి చేయిస్తామంటారు. బయటికొచ్చిన పిల్లలు నా దగ్గరికి తెచ్చి చూపించే ప్రాజెక్టు ఎప్పుడూ ఒకటే: బ్యాచ్ మొత్తం టీచరు వెనకాలే టైపు చేసిన ఆన్‌లైన్ షాపు నకలు. అది టెంప్లేటు కాదా? పైగా దాన్ని డబ్బిచ్చి కొన్న క్లయింటు ఒక్కడూ ఉండడు. జాబ్ గ్యారెంటీ అన్న మాట కాగితం మీదికొచ్చేసరికి ఇంటర్వ్యూలు ఏర్పాటు చేస్తామనే దాకా తగ్గిపోతుంది. ఫీజు లోన్ మీద కట్టారో, వాడు మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. ఆ షరతులు చదవకుండానే చదువు నిర్ణయించేశారు. వాడినైనా ఒక్క మాట అడిగారా? ఉత్తరం మొత్తం మీద వాడికేం ఇష్టమో ఒక్క వాక్యం లేదు, పరువు మాట మాత్రం ఉంది.

వాడు నేర్చుకోవలసింది లేదనడం లేదు. టెంప్లేటులో నేరుగా వేలు పెడితే అప్‌డేట్ రాగానే చేసిన మార్పులన్నీ ఎగిరిపోతాయి, అసలుదాన్ని ముట్టకుండా మార్పుల్ని విడిగా ఉంచే చైల్డ్ థీమ్ చెయ్యడం రావాలి. స్లైడర్లు, యానిమేషన్లు కుక్కిన టెంప్లేట్లు మన సిగ్నల్‌కు తెరుచుకోవు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలని గూగుల్ కొలత. అన్నిటికన్నా నాకు నచ్చే పని భాషది. ఇంగ్లీషు కోసం గీసిన టెంప్లేటులో వరుసల మధ్య జాగా ఇరుకు. తెలుగు హెడ్డింగు పెడితే వత్తులు తెగుతాయి, గుడులు పై వరుసను గుద్దుకుంటాయి. ఒడియాకీ ఇదే అవస్థ. పేజీ రూపురేఖలు దిద్దే సీఎస్ఎస్ తెలిసినవాడు లైన్ హైటు పెంచి, అక్షరాల మధ్య అనవసరపు దూరం తీసేసి, అనేక్ తెలుగు, అనేక్ ఒడియా లాంటి జంట ఫాంట్లు పెట్టి సరిచేస్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన మీ వాడికి రెండు లిపుల్లోనూ తప్పు కంటికి కనిపిస్తుంది. ఇటు గుణుపురం నుంచి అటు పాతపట్నం దాకా ఆ పని కావలసిన షాపులు ఎన్ని లేవు!

పోలిక అడిగారు కాబట్టి, కోర్సు ఈ ఏడాదికి ఆపండి. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైటులో జావాస్క్రిప్ట్ పైసా ఖర్చు లేకుండా ఉంది. రాత్రి ఒక గంట వాణ్ణి కూర్చోమనండి. కొన్నాళ్లకు ఇంకా ఆసక్తి ఉంటే కోర్సు ఎక్కడికీ పోదు, ఫీజు కూడా వాడి సంపాదన నుంచే కట్టుకోవచ్చు. ఈలోగా ప్రతి క్లయింటుకూ ఒక పేజీ ఒప్పందం రాసివ్వమనండి: ఏ టెంప్లేటు వాడుతున్నాడు, లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఏడాదికి నిర్వహణ ఎంత. డొమైన్, అంటే సైటు చిరునామా, మాత్రం యజమాని పేరునే, ఆయన ఈమెయిల్‌తోనే కొనాలి. రేపు మీ వాడు ఉద్యోగానికి భువనేశ్వర్ వెళ్లిపోయినా లాడ్జి సైటు ఆగకూడదు కదా.