టెక్ సందేహాలు: అటక మీది క్యాసెట్లకు ఏఐ స్నానం

ప్రశ్న: మాది మలక్‌పేట. నాన్నగారు పోయాక అటక సర్దుతుంటే ఆయన పాత టేప్ రికార్డర్, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు దొరికాయి. రాజకీయ సభలకు వెళ్లి రికార్డ్ చేసుకోవడం ఆయనకు పిచ్చి. ఒకదాని మీద ‘ఎల్‌బీ స్టేడియం, 9-1-83’ అని ఆయన చేతిరాత ఉంది. రికార్డర్ తిరగడం లేదు. క్యాసెట్‌ను ఎంపీ3గా మార్చే చిన్న పరికరం ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒక టేపులో సభ మొదట గొంతు బాగానే ఉంది, పోనుపోనూ చిన్నపిల్లాడు మాట్లాడినట్టు అవుతోంది. గోల ఎక్కువగా ఉందని ఒక ఉచిత ఏఐ సైట్‌లో శుభ్రం చేయించాను, బ్రహ్మాండంగా వచ్చింది. పాత ఫైళ్లు తీసేసి ఇవే ఉంచుకోవచ్చా? ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టొచ్చా?

జవాబు: దయచేసి దేన్నీ డిలీట్ చేయకండి. ఈ ఉత్తరం ఒకటే అయితే ఇంత కంగారు పడను. అటక, అట్టపెట్టె, ఏఐ సైట్... ఇదే వరసలో వారానికొకటి వస్తోంది.

ముందు ఆ చిన్నపిల్లాడి గొంతు సంగతి. మీరు కొన్న పరికరాన్ని తిట్టడానికి నాకు చాలా కారణాలున్నాయి గానీ ఈ తప్పు మాత్రం దానిది కాకపోవచ్చు. ఆ రోజు సభ సాగేకొద్దీ మీ నాన్నగారి బ్యాటరీలు అయిపోతూ వచ్చి ఉంటాయి. సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాల్సిన టేపు అంతకన్నా మెల్లగా నడిచింది. దాన్నిప్పుడు సరైన వేగంతో వేస్తే గొంతు సన్నబడి పరుగెత్తుతుంది. ఎంత సరిచేయాలో కూడా ఆ టేపులోనే ఉంటుంది. వక్త ఊపిరి తీసుకునే చోట మైక్‌సెట్ వాడి యాంప్లిఫయర్ నుంచి ‘ఊఁ’ అని సన్నటి మోత వినిపిస్తుంది చూడండి, అది మన కరెంటు మోత. 50 హెర్ట్జ్ దగ్గరో, దానికి రెట్టింపు 100 దగ్గరో ఉండాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ స్వరం ఎంతుందో చూపే గ్రాఫ్) తెరిచి చూస్తే 100 ఉండాల్సింది 106 దగ్గర కనిపించిందనుకోండి, అక్కడ వేగాన్ని దాదాపు ఆరు శాతం తగ్గించాలి. బ్యాటరీ క్రమంగా దిగింది కాబట్టి ముక్కలు ముక్కలుగా చేయాలి. ఓపిక కావాలి. (ఆ సభ జనరేటర్ మీద నడిచి ఉంటే ఈ లెక్క కుదరదు, చెవే గతి.)

ఇప్పుడు తమాషా ఏమిటంటే, మీ ఏఐ సైట్ మొట్టమొదట తుడిచేసేది ఆ మోతనే. తర్వాత జనాన్ని. ‘హలో, మైక్ టెస్టింగ్’ పోయింది, ఈలలు పోయాయి, జైకొట్టిన వాళ్లు పోయారు, పల్లీలమ్మే అబ్బాయి కేక పోయింది. 1983 జనవరి 9న ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రాజ్‌భవన్ గోడల మధ్య కాకుండా ఎల్‌బీ స్టేడియంలో జనం ముందు జరిగింది. ఆ టేపులోంచి జనాన్ని తీసేస్తే ఇంకేం మిగిలింది?

ఇంకో సంగతి. ఈ రకం సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి గోలను తగ్గించడం ఒక్కటే పని కాదు. వినిపించని చోట ఏముండొచ్చో ఊహించి గొంతును కొత్తగా తయారుచేస్తాయి. మా బాబాయి దగ్గరున్న ఒక పాత సభ టేపును అలాంటి దాంట్లో వేసి చూశాను. వక్త ‘ప్రజల కళ్ళు తెరిపించాం’ అన్నాడు. స్టూడియోలో కూర్చుని చెప్పినంత స్పష్టంగా బయటికొచ్చింది మాత్రం ‘ప్రజల కల్లు’. అది విని మా బాబాయి సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. మన ళకారం తెలియని యంత్రం చేతిలో తెలుగు ఉపన్యాసం పెడితే ఇలాగే ఉంటుంది. గరగరలాడే టేపులో ఆ మాట అనుమానంగా వినిపించి ఉంటే మళ్లీ వెనక్కి తిప్పి వినేవాళ్లం. శుభ్రమైన అబద్ధాన్ని ఎవరూ రెండోసారి వినరు.

నాకు నిద్రపట్టనివ్వని భయం వేరే ఉంది. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ ఓటర్లకు అచ్చం బైడెన్ గొంతుతో ఫోన్లు వెళ్లాయి, ప్రైమరీలో ఓటేయొద్దని. ఆయన బతికున్నాడు కాబట్టి నేను కాదని చెప్పుకోగలిగాడు. నలభై ఏళ్ల కిందటి నాయకుడి గొంతుతో ఒక మాట పుట్టించి, పైన కాస్త హిస్సూ మోతా అద్ది, ‘మా తాతగారి అటక మీద దొరికిన క్యాసెట్’ అని వదిలితే కాదనేదెవరు? గోలలేని పొడవాటి ప్రసంగం అలాంటి వాళ్లకు వండి వడ్డించిన విస్తరి. దాన్ని మీరే ముక్కూమొహం తెలియని సైట్‌కు ఎక్కించి వచ్చారు. షరతుల్లో మీ ఫైళ్లను వాళ్లు దేనికి వాడుకుంటామన్నారో చదివారా? టేపు మొదట్లో మీ నాన్నగారు తేదీ, చోటు చెప్పి ఉంటే ఆయన గొంతు కూడా వెళ్లినట్టే. కుటుంబ సభ్యుల గొంతుతో ఫోన్ చేసి డబ్బులడిగే మోసాలున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అందుకే మట్టి అంటిన ఒరిజినల్‌కే విలువ. 1975లో బుఖారీ, మెహ్రాల ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు ప్రసంగాల టేపులను సాక్ష్యంగా ఒప్పుకుంది. గొంతు ఎవరిదో తేలాలి, రికార్డింగ్ సరైనదని రుజువవ్వాలి, మార్చే అవకాశం లేదని నమ్మకం కుదరాలి అనే పద్ధతిలో. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ఎలక్ట్రానిక్ రికార్డు వెంట ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ (ఫైలులో కొంచెం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయమంటోంది. మీరు కోర్టుకెక్కాలని కాదు. టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజే ఆ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, క్యాసెట్ నంబర్ పక్కన నోట్‌బుక్కులో రాసుకోండి. ఎంపీ3 కాదు, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించండి. గంటకు రెండు జీబీ అవుతుంది. అయితే అవనివ్వండి, పెళ్లి వీడియోలకు పెట్టుకోవడం లేదూ? రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి. క్యాసెట్లు పారేయకండి.

ఎక్కించడానికి మీ కొత్త పరికరం వద్దు. తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా, వణికే మోటారు, దాని వెంట ఎవరు రాశారో తెలియని సాఫ్ట్‌వేర్‌కు ఒక క్యూఆర్ కోడ్. నిన్ననే ఒకాయన ఆ కోడ్ స్కాన్ చేసి, ఏపీకే (ప్లే స్టోర్ బయటి యాప్ ఫైలు) ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి కూడా ఇచ్చి, ఆ తర్వాత నాకు రాశారు. క్యాసెట్ వినడానికి ఎస్సెమ్మెస్‌లతో పనేమిటండీ!

నాన్నగారి రికార్డర్‌నే బాగుచేయించండి. అది తిరగకపోవడానికి కారణం దాదాపుగా లోపలి రబ్బరు బెల్టే. ఏళ్లు గడిస్తే కరిగి తారులా అంటుకుపోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే బెల్టు దొరుకుతుంది, వేసే మనిషీ దొరుకుతాడు. అతను టేపును చదివే హెడ్డు, టేపును లాగే పించ్ రోలర్ శుభ్రం చేసేదాకా ఒక్క క్యాసెట్ కూడా లోపల పెట్టకండి. పెట్టేముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ నాలుకలను విరిచేయండి. అవి ఉన్నంతకాలం రికార్డ్ బటన్ తగిలితే చాలు, స్టేడియం మీద మీ హాల్లోని సీలింగ్ ఫ్యాన్ చప్పుడు ఎక్కుతుంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన ఆఫీసులో రికార్డ్ చేయించిన టేపుల్లో 1972 జూన్ 20 నాటి సంభాషణలో పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయిన సంగతి తెలిసిందే. ఫోన్ ఎత్తబోయి పొరపాటున కొంత చెరిపి ఉంటానంది ఆయన సెక్రటరీ. కనీసం ఐదుసార్లు విడివిడిగా చెరిపారన్నారు నిపుణులు. అంత పెద్ద అమెరికా ఆర్కైవ్స్ కూడా ఆ మాటలు తిరిగి రాబట్టలేమని 2003లో చేతులెత్తేసింది.

ఇక రికార్డర్‌ను కంప్యూటర్‌కు కలుపుదామంటే, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లైన్-ఇన్ (రికార్డర్ లాంటివి కలిపే) రంధ్రమే లేదు. ఉన్న ఒక్క హెడ్‌సెట్ రంధ్రం మైక్ కోసం, అదీ మోనో. టేప్ రికార్డర్ అందులో గుచ్చితే చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుంది. సన్నగా చేశాం అని గొప్పగా చెప్పుకుంటారు, ల్యాప్‌టాప్ సన్నగా ఉండాలని నేనెప్పుడు అడిగాను? దానికి తోడు, మాట తప్ప మిగతా శబ్దాలను తగ్గించే ‘వాయిస్ ఫోకస్’ తరహా ఫీచర్లు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. మీరు జాగ్రత్తగా ఒరిజినల్ ఎక్కిస్తున్నాననుకుంటారు, చప్పట్లు అప్పటికే కోతకు గురై ఉంటాయి. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (రికార్డర్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న డబ్బా) ఒకటి కొనండి, సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ మెరుగులన్నీ ఆపేయండి.

ఫ్యామిలీ గ్రూప్‌లో గోలతో ఉన్నదే పెట్టండి. ఏఐ కాపీ ఉంచుకోవాలనుకుంటే ఫైలు పేరులోనే ‘ఏఐతో మార్చినది’ అని ఉండాలి.

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత స్పూల్ టేపులు చూశాను. ఓవెన్‌లో వేడిచేస్తే పనిచేస్తాయని ఒక వీడియోలో చెప్పారు. కొనొచ్చా?

జవాబు: కొనండి, ఓవెన్ జోలికి మాత్రం పోకండి. ఆ వైద్యం 1970లు, 80ల నాటి కొన్ని రకాల పాలియెస్టర్ టేపులకు, తేమ పీల్చి జిగురుగా మారినప్పుడు మాత్రమే. అదీ సుమారు 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి, వేడిలో హెచ్చుతగ్గులు లేకుండా. స్పూల్‌ను పక్క నుంచి వెలుతురుకు ఎత్తి చూడండి. చుట్టలోంచి కాంతి దూరి కనిపించినా, వెనిగర్ వాసన వచ్చినా అది ఎసిటేట్ టేపు, వేడి తగిలితే పాడైపోతుంది. బూజు పట్టినవాటిని మెషీన్ మీద వేయకండి, మిగతా వాటితో కలిపి పెట్టకండి.