రిక్వైర్డ్ పెట్టినా ఖాళీ పేర్లు డేటాబేస్‌లోకి ఎలా వస్తున్నాయంటే

వెబ్ ఫారంలో పేరు ఫీల్డ్‌కు రిక్వైర్డ్ (ఖాళీగా వదిలితే పంపనివ్వొద్దని బ్రౌజర్‌కు చెప్పే హెచ్‌టీఎంఎల్ మాట) పెట్టినా ఖాళీ పేర్లు సేవ్ అవుతున్నాయని అడిగారు. బటన్ నొక్కగానే జావాస్క్రిప్ట్‌తో ఫారంను పంపిస్తున్నానన్నారు కదా, కారణం బహుశా ఆ లైనే. ఫారం మీద సబ్మిట్ మెథడ్‌ను నేరుగా పిలిస్తే బ్రౌజర్ ఏ తనిఖీ చేయదు, సబ్మిట్ ఈవెంట్ (ఫారం పంపబోతున్నామని కోడ్‌కు తెలిపే సంకేతం) కూడా రాదు. మీ రిక్వైర్డ్‌ను ఎవరూ చూడనే లేదన్నమాట.

1. దాని బదులు రిక్వెస్ట్‌సబ్మిట్ అనే మెథడ్‌ను పిలవండి. ఇది తనిఖీ చేశాకే పంపుతుంది.
2. ఫారం ట్యాగ్‌లో నోవాలిడేట్ (తనిఖీ వద్దని బ్రౌజర్‌కు చెప్పే మాట) ఉంటే తీసేయండి.
3. సర్వర్‌లో అదే తనిఖీ మళ్ళీ రాయండి.

చాలామంది వదిలేసేది ఈ మూడోదే, దయచేసి మీరు వదలకండి. రెండు స్పేస్‌లు కొట్టి పంపినా రిక్వైర్డ్ ఒప్పేసుకుంటుంది, దాని లెక్కలో అది ఖాళీ కాదు. పైగా బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్‌లో రిక్వైర్డ్ అనే మాటను చెరిపేయడం ఎవరికైనా క్షణం పని. అసలు బ్రౌజరే లేకుండా సర్వర్‌కు రిక్వెస్ట్ పంపవచ్చు.

సర్వర్‌లో వరుస ఇలా ఉండాలి: ఆ ఫీల్డ్ అసలు వచ్చిందా చూడండి, ముందూ వెనకా స్పేస్‌లు ట్రిమ్ చేయండి, ఇప్పుడు ఖాళీగా ఉందా చూడండి, తర్వాత పొడవు. ట్రిమ్ చేసిన విలువనే సేవ్ చేయండి. తనిఖీకి ట్రిమ్ చేసినదీ, సేవ్‌కు పాతదీ వాడే పొరపాటు నేను చాలా కోడ్‌లో చూశాను.

డేటాబేస్ టేబుల్‌లో నాట్ నల్ (విలువ లేకుండా, అంటే నల్‌గా, ఉండకూడదనే నియమం) ఉంది కదా, అదే ఆపుతుందిలే అనుకోకండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు రెండింటిలోనూ ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని టెక్స్ట్) నల్ కాదు, లోపలికి వచ్చేస్తుంది.

తప్పు దొరికితే ఫారంను తిరిగి చూపేటప్పుడు, వాళ్ళు టైప్ చేసిన మిగతావన్నీ అలాగే ఉంచండి.