టెక్ సందేహాలు: రికార్డులో ఒక వరుస, ఫోన్‌లో ఇంకో వరుస

ప్రశ్న: మా పెదనాన్న అమెరికా నుంచి తెచ్చిన, బ్రిటన్ పాటల బృందం బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ ఆల్బమ్ స్టీరియో రికార్డు ‘ఐ హ్యావ్ జస్ట్ సీన్ ఎ ఫేస్’తో మొదలవుతుంది. ఫోన్‌లో అదే ఆల్బమ్ పెడితే ముందు ‘డ్రైవ్ మై కార్’ వస్తోంది. పైగా రికార్డులో ఒక పాట మొదట్లో గిటార్ రెండుసార్లు తడబడుతుంది. ఫోన్‌లో అలా లేదు. రికార్డు పాడైందా, యాప్‌లో సెట్టింగ్ ఏదైనా మార్చాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: టెన్షన్ పడకండి. రికార్డూ బాగుంది, యాపూ బాగుంది. అది అమెరికా సరుకు, ఇది బ్రిటన్ సరుకు.

1965 డిసెంబరులో బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ 14 పాటలతో వచ్చింది. అమెరికాలో క్యాపిటల్ కంపెనీ అందులో నాలుగు తీసేసి, బ్రిటన్ ‘హెల్ప్!’ ఆల్బమ్‌లోని రెండు చేర్చి, 12తో సరిపెట్టింది. తీసిన నాలుగింటినీ మరుసటి ఏడాది ఇంకో ఆల్బమ్‌లో అమ్ముకుంది. అక్కడ రాయల్టీ, అంటే పాట హక్కుదారులకు ఇచ్చే సొమ్ము, పాట లెక్కన కట్టాలి. పాటలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, మిగిలినవాటితో మరో రికార్డు తయారవుతుంది. పాలలో నీళ్లు కలిపే లెక్కే! అయినా ఒప్పుకోవాలి, ఆ వరుసలో మెత్తని గిటార్ పాటలు ఎక్కువై వినడానికి హాయిగా ఉంటుంది. నాకు అదే ఇష్టం.

తడబడే పాట ‘ఐయామ్ లుకింగ్ త్రూ యూ’ అయ్యుంటుంది. అమెరికా స్టీరియో రికార్డులో గిటార్ రెండుసార్లు మొదలై ఆగిపోతుంది, మూడోసారి పాట అందుకుంటుంది. గీత కాదది, కత్తిరించకుండా వదిలేసిన ముక్క. 1987లో ఈ ఆల్బమ్ సీడీగా వచ్చినప్పుడు బ్రిటన్ వరుసే అన్ని దేశాలకూ ఖాయమైంది. మీ యాప్‌లో ఉన్నది అదే.

ఒకే పాట రెండు రకాలుగా రావడానికి కారణం ప్రతిసారీ డబ్బే కాదు. 1970లో కింక్స్ బృందం ‘లోలా’ పాటలో ‘కోకా-కోలా’ అని పాడింది. వ్యాపార పేర్లు అప్పట్లో బీబీసీ రేడియోకి కుదిరేవి కావు కాబట్టి ‘చెర్రీ కోలా’ అని మళ్లీ పాడి సింగిల్ (ఆ పాట కోసం వేసే చిన్న రికార్డు) విడుదల చేసింది. బీటిల్స్ అయితే 1964లో జర్మనీ మార్కెట్ కోసం రెండు పాటలు జర్మన్‌లోనే పాడారు. వేలూరు బస్సులో తమిళంలో విన్న ట్యూన్‌ని తిరుపతి బస్సులో తెలుగులో వినే మీకు ఇది వింతేమీ కాదు.

ఇక పని విషయం. అమెరికా వరుస కావాలంటే రికార్డు అట్ట చూసి ప్లేలిస్ట్ చేసుకోండి. అమెరికాలో చేర్చిన ఆ రెండు పాటలూ ‘హెల్ప్!’లో దొరుకుతాయి. గిటార్ తడబాటు కూడా కావాలంటే రికార్డునే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. యూఎస్‌బీ ఉన్న రికార్డ్ ప్లేయర్ అయితే సులువు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేసి నాణ్యత తగ్గని ఫ్లాక్ (FLAC) ఫైల్‌గా దాచుకోండి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో మాత్రం వైరు గుచ్చకండి, చాలా వాటిలో స్టీరియో రాదు.

ప్రశ్న: కువైట్ నుంచి మా అన్న పంపిన పాట లింక్ ఇక్కడ తెరుచుకోవడం లేదు. ఫోన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. పాటల హక్కులు దేశాలవారీగా అమ్ముతారు. ఆ లింక్‌కు ఇక్కడ హక్కు లేకపోయి ఉండొచ్చు. పాట పేరుతో వెతకండి, అదే పాట ఇంకో ఆల్బమ్ కింద ఉండే అవకాశం ఎక్కువ. నిడివి మాత్రం సరిచూసుకోండి, రేడియో కోసం కత్తిరించినది తగలొచ్చు.