అమెరికాలో ఆరు నెలలు: ఏ సిమ్ వాడాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. అమ్మాయికి పురుడు పోయడానికి దోహా మీదుగా డల్లాస్ వెళ్తున్నాను. ఆరు నెలల దాకా ఉంటాను. కొబ్బరి దింపు డబ్బులు, బ్యాంకు పనులు అన్నీ నా నంబరు మీదే. రోమింగ్ ప్యాక్ చాలని మా మరిది, కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించే ఈ-సిమ్ తీసుకోమని అమ్మాయి అంటున్నారు. తను అక్కడ కొన్న ఐఫోన్ 14 నాకు పంపింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి చూడండి. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కి సిమ్ పెట్టే చోటే ఉండదు, ఈ-సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ తెరిస్తే ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని కనిపించాలి. లేకపోతే అది అక్కడి కంపెనీకి లాక్ అయినట్టే, మన సిమ్ తీసుకోదు. ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అనే ఉంటే అమలాపురం వెళ్లి మీ నంబరును ఈ-సిమ్‌గా మార్పించుకోండి. మార్చాక 24 గంటలు మెసేజ్‌లు రావు, కాబట్టి ప్రయాణం ముందు రోజుకి పెట్టుకోవద్దు. ఫోన్‌పే, బ్యాంకు యాప్ కూడా ఇక్కడుండగానే కొత్త ఫోన్లో తెరవండి. వాటికి ఈ నంబరు నుంచే మెసేజ్ వెళ్లాలి.

రోమింగ్ ప్యాక్ వారం పది రోజుల ప్రయాణానికి బాగుంటుంది. ఆరు నెలలకు తీసుకుంటే దండగ. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రయాణికుల ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప ఫోన్ నంబరు ఉండదు. పురిటి ఇంట్లో ఉండే మీకు అక్కడి నంబరు కావాలి, ఏ వేళలో ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుందో! అమ్మాయి వాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో మీకో లైన్ కలిపించుకోండి. డేటా దాని మీదే వాడండి.

మన నంబరుకి ఏడాది రీఛార్జి వేయించి, ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఆన్ చేయించండి. అక్కడ దాని డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉండాలి. ఓటీపీ మెసేజ్ వచ్చినందుకు మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. అందరినీ వాట్సాప్‌లో చేయమనండి. అది పాత నంబరు మీదే నడుస్తుంది, మార్చాలా అని అడిగినా మార్చకండి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే రోజుల్లో, కువైట్ నుంచి కొడుకు చేసే కాల్ కోసం పూటంతా కూర్చున్న తల్లుల్ని చూశాను. అందుకే ఆ నంబరు ఆగిపోకుండా చూసుకోమని ఇంతగా చెబుతున్నాను.

దారిలో టెన్షన్ పడకండి. దోహా, డల్లాస్ ఎయిర్‌పోర్టుల్లో ఉచిత వైఫై ఉంది, దిగానని అమ్మాయికి చెప్పడానికి అది చాలు.