డాక్టర్ సలహా: మయోనైజ్ మానేద్దాం... పెరుగు, వేరుశనగతో కమ్మని డిప్ చేద్దాం

ప్రశ్న: మాది అనంతపురం. మా బాబుకు పదకొండేళ్లు. కీరా, క్యారెట్ ముక్కలు మయోనైజ్‌లో ముంచి ఇస్తేనే తింటాడు. శాండ్‌విచ్‌లోనూ అదే కావాలంటాడు. ఈమధ్య ఒక వీడియో చూసి పచ్చి గుడ్డు, నూనె వేసి మిక్సీలో నేనే చేస్తున్నాను. షుగర్, బీపీ ఉన్న మావారు కూడా తింటున్నారు. మూడేళ్ల పాప కూడా ఉంది. ఇంటిల్లిపాదీ తినగలిగేలా చిక్కగా, రుచిగా ఉండేది ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఈ రోజే ఆపేయండి. గుడ్డు పెంకు మీద, ఒక్కోసారి లోపల కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. బాగా ఉడికిస్తే అది చనిపోతుంది. మిక్సీలో తిప్పితే చావదు, నిమ్మరసం పిండినా పూర్తిగా పోయిందన్న భరోసా ఉండదు. తిన్న కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లోపు జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్నపిల్లల్లోనూ, షుగర్ ఉన్నవారిలోనూ అది ముదిరే ప్రమాదం ఎక్కువ. ఈ కారణంతోనే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు పచ్చి గుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే నిర్ణయం తీసుకుంది.

మంచి కంపెనీ సీసాల్లో ఆ భయం తక్కువే గానీ, నూనె మాత్రం తప్పదు. అసలైన మయోనైజ్‌లో సుమారు ముప్పాతిక వంతు నూనే. ఒక టేబుల్ స్పూనులో దాదాపు 10 గ్రాముల కొవ్వు, 90 నుంచి 100 కేలరీలు ఉంటాయి. రోజుకు 2000 కేలరీలు తినే పెద్దవారికి వంటనూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. రెండు స్పూన్ల మయోనైజ్‌తోనే 20 గ్రాములు పూర్తయితే, ఇక రోజంతటి కూరలకు, తాలింపులకు మిగిలేది ఎంతో మీరే చూడండి.

అయినా మీ ఉత్తరంలో నాకు ఎంతో సంతోషం కలిగించిన మాట ఒకటుంది. మీ బాబు పచ్చి కీరా, క్యారెట్ తింటున్నాడు! దయచేసి ఆ అలవాటు చెడనివ్వకండి. ముంచుకునేది మారిస్తే చాలు.

చిక్కదనం కోసం నూనే పోయాలని ఏమీ లేదు. నీళ్లు తీసేసిన పెరుగులో, మెత్తగా నూరిన వేరుశనగలో అది పుష్కలంగా ఉంది. అరలీటరు తాజా పెరుగును పలుచని శుభ్రమైన బట్టలో మూటగట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి నాలుగైదు గంటలు వదిలేయండి. వంటింట్లో మేకుకు వేలాడదీసే పద్ధతి మన ఎండలకు పనికిరాదు, త్వరగా పులుపెక్కుతుంది. మొత్తంగా ఫ్రిజ్‌లోనే పెట్టండి. కిందికి దిగిన నీటిని పారబోయకుండా చపాతీ పిండి కలపడానికి వాడుకోండి.

ఈలోగా గుప్పెడు వేరుశనగ గింజలు, అంటే 30 గ్రాములు, సన్నని సెగ మీద వేయించి, పొట్టు తీసి, అరగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టండి. ఒక వెల్లుల్లి రెబ్బ, వేయించిన జీలకర్ర అర చెంచా, కొన్ని పుదీనా లేదా కొత్తిమీర ఆకులు చేర్చి, రెండు మూడు చెంచాల నీళ్లతో వెన్నలా నూరండి. గింజలు నానకపోతే రవ్వ రవ్వగా మిగిలిపోతాయి, పిల్లలు వెంటనే పసిగడతారు. గట్టిపడిన పెరుగును మాత్రం మిక్సీలో వేయకండి, మళ్లీ పలుచనైపోతుంది. గిన్నెలో చెంచాతో గిలక్కొట్టి, నూరిన ముద్ద, కొద్దిగా మిరియాల పొడి, నిమ్మరసం కలపండి. మొత్తానికి పావు చెంచా ఉప్పు చాలు. పెద్దవారికి రోజంతటికీ ఉప్పు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. మీవారి బీపీ దృష్ట్యా ఈ కొలత దాటనివ్వకండి. నిమ్మ, జీలకర్ర, వెల్లుల్లి ఉన్నచోట ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు పెద్దగా తెలియదు.

ఇలా చేసినది టేబుల్ స్పూనుకు సుమారు 25 నుంచి 35 కేలరీలే. గేదె పాల పెరుగైతే కాస్త ఎక్కువ. పైగా ప్రొటీన్, కాల్షియం కూడా అందుతాయి.

వేరుశనగ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనది వేరుశనగ నేల, చాలా ఇళ్లలో మూటలు మూటలుగా నిల్వ ఉంటుంది. పంట చివరి దశలో వాన మొహం చాటేసినా, కాయలు సరిగా ఆరకుండా మూట కట్టినా ఒక రకమైన బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్‌కూ దారి తీయవచ్చు. వేయించినా పూర్తిగా పోదు. అందుకే వేయించే ముందే పళ్లెంలో పరిచి ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పగిలినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. చేదు తగిలిన గింజను ఉమ్మేయమని పిల్లలకు చెప్పండి. నూరి, మసాలా కలిపాక ఆ చేదు బయటపడదు కాబట్టి ఏరడం తప్పనిసరి.

డిప్‌ను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో ముగించండి. వేసవిలో గంటకు మించి బయట ఉంచవద్దు. స్కూలు డబ్బాలోకి ఇది వద్దు, మధ్యాహ్నానికి పులిసి బ్రెడ్ నానిపోతుంది. దాని బదులు వేయించిన వేరుశనగను చుక్క నీరు లేకుండా, నూనె ఊరేదాకా మిక్సీ పట్టి బ్రెడ్‌కు పలుచగా రాసివ్వండి. గుడ్డు కావాలని అడిగితే, గట్టిగా ఉడికించి చిదిమి ఈ పెరుగులో కలిపి సాయంత్రం శాండ్‌విచ్ చేయండి.

మీవారి షుగర్‌కు డిప్ కంటే బ్రెడ్డే అసలు సమస్య. గోధుమ రంగు చూసి మోసపోకండి, ప్యాకెట్ మీద మొదటి పదార్థం మైదా అయితే అది మైదా బ్రెడ్డే. ఒక జొన్నరొట్టెకు ఈ డిప్ రాసి, కీరా, ఉల్లి, క్యాప్సికం ముక్కలు పరిచి చుట్టి ఇవ్వండి. కీరా, క్యారెట్‌లను పారే నీటిలో రుద్ది కడిగాకే కోయండి.

మూడేళ్ల పాపకు పచ్చి క్యారెట్ ముక్కలు, విడి వేరుశనగ గింజలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. క్యారెట్‌ను ఆవిరి మీద మెత్తబరచి ఇవ్వండి. పాప వేరుశనగ ఇంతవరకు తినకపోయి ఉంటే, మొదటిసారి డిప్ చెంచా కొనతో మాత్రమే రుచి చూపించి కాసేపు గమనించండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలర్జీ ఉందని తేలితే వేరుశనగ ఇంట్లో ఎవరి డిప్‌లోనూ వద్దు. మెత్తగా ఉడికించిన కాబూలీ శనగలను నూరి పెరుగులో కలుపుకోవచ్చు, అయితే పాపకు వాటిని పెట్టే ముందు డాక్టర్‌ను ఒకసారి అడగండి.