పాత బట్టల కొట్టులో రెస్టారెంట్: గోడల్లో ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: సార్, మాది రాజమహేంద్రవరం. పదేళ్లుగా క్యాటరింగ్ చేస్తున్నాను. మూతపడిన పాత బట్టల కొట్టు అద్దెకు దొరికింది. టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు, చూడముచ్చటగా ఉంది. అద్దె 90 వేలు. ఓనర్ 11 నెలల అగ్రిమెంట్ ఇస్తానంటున్నారు. రిపేర్లకు 25 లక్షలు, కిచెన్‌కు 20 లక్షలు అవుతాయి. నా దగ్గర 38 లక్షలున్నాయి, అందులో 12 అమ్మాయి చదువుకు దాచినవి. దిగొచ్చా?

జవాబు: 11 నెలల కాగితం మీదైతే వద్దండి. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, టేబుళ్లు రేపు లారీలో వేసుకుపోవచ్చు. కప్పుకీ, డ్రైనేజీకీ, వైరింగ్‌కీ పెట్టే 25 లక్షలు గోడల్లోనే ఉండిపోతాయి. అగ్రిమెంట్ ముగిశాక కొత్త కాగితం లేకపోతే సాధారణంగా 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు. హోటల్ బాగా నడుస్తోందని తెలిస్తే ఓనర్ అద్దె ఎంత పెంచమన్నా పెంచాల్సిందే.

ఐదేళ్ల లీజు దొరికిందనుకుందాం. 25 లక్షల్ని 60 నెలలకు పంచితే నెలకు సుమారు 41,700. దీన్నీ అద్దె కిందే లెక్కేయండి. అద్దె మీద 18 శాతం జీఎస్టీ మరో 16,200. రెస్టారెంట్ల 5 శాతం జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ (ఖర్చుల మీద కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రాదు కాబట్టి అదీ మీ జేబులోంచే. (ఓనర్‌కు జీఎస్టీ నంబరు లేకపోయినా, మీరు చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ స్కీమ్‌లో లేకుంటే రివర్స్ ఛార్జ్ కింద, అంటే ఓనర్‌కు బదులుగా, మీరే కట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.) మొత్తం 1.48 లక్షలు. ఈ ఖర్చు అమ్మకాల్లో 15 శాతం దాటకూడదన్నది నేను పెట్టుకున్న గీత. అంటే రోజుకు 33 వేల బేరం. మనిషికి 200 చొప్పున 165 మంది రావాలి. ఆదివారాలు కాదు, మామూలు మంగళవారం నాడు పక్క హోటళ్లలో ఎంతమంది తింటున్నారో లెక్కపెట్టండి.

ఓనర్‌ను తొమ్మిదేళ్ల లీజు అడగండి. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మొదటి ఐదేళ్లు ఆయన ఖాళీ చేయించకూడదు, మీరు మాత్రం మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు అని రాయించండి. కప్పు, దూలాల ఖర్చు ఆయనదే. చేతిలో డబ్బు లేదంటే మీరు పెట్టి అద్దెలో కోసుకోండి. ఆస్తి అన్నదమ్ముల ఉమ్మడిదైతే అందరి సంతకాలూ కావాలి.

స్ట్రక్చరల్ ఇంజినీర్ ఫీజు దగ్గర పీనాసితనం వద్దు. టేకు దూలం నడుమ గట్టిగా కనిపిస్తుంది, గోడలోకి దిగిన చివరే చెమ్మకు పుచ్చిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ దిగబడితే మీ అంచనా తారుమారే. ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), బయటికి రెండో దారి లేకుండా తెరవొద్దు. ముంబైలో ఒకప్పటి బట్టల మిల్లు ఆవరణ కమలా మిల్స్‌లో 2017 డిసెంబరులో మంటలు లేచి 14 మంది పోయారు.

అమ్మాయి 12 లక్షలు లెక్కలోంచి తీసేయండి. మిగిలిన 26లో కిచెన్‌కే 20 పోతే, రిపేర్ల సంగతి అటుంచి, జీతాలకూ సరుకులకూ ఆరు నెలలు నెట్టుకురావడమే కష్టం. సెకండ్‌హ్యాండ్ సామాను చూడండి, ముందు హాలు ఒక్కటే తెరవండి. లోన్ తీసుకుంటే కిచెన్ సామానుకే, గోడలకు వద్దు. లీజు డ్రాఫ్ట్ లాయర్‌కు చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.