వెలుగిచ్చే పాలిమర్ల మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివర్లో ఉన్నాను. కాంజుగేటెడ్ పాలిమర్ల (కరెంటును పారనిచ్చే పొడవాటి గొలుసు అణువుల) పలుచని పొరలతో వెలుగిచ్చే పరికరాల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ‘ఓఎల్‌ఈడీ (కరెంటు ఇస్తే వెలిగే ఆర్గానిక్ పొరల) స్క్రీన్లు ఎప్పుడో వచ్చేశాయి, ఇంకేం మిగిలింది?’ అంటున్నారు సీనియర్లు. ఫిజిక్స్ కూడా అంతంతమాత్రమే. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ సీనియర్ల మాట సగం నిజం. ఫోన్లలో, టీవీల్లో ఉన్న ఓఎల్‌ఈడీలు దాదాపు అన్నీ చిన్న అణువులను వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి పొరలుగా పేర్చినవే. 1987లో కొడాక్ కంపెనీలో టాంగ్, వాన్‌స్లైక్ అనే శాస్త్రవేత్తలు వేసిన దారి అది. పాలిమర్లది వేరే దారి. 1990లో కేంబ్రిడ్జ్‌లో పీపీవీ అనే పాలిమర్ పొరకు కరెంటు ఇస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగు వచ్చింది. పాలిమర్‌ను కరిగించి ఇంకులా అచ్చు వేయొచ్చని అందరూ సంబరపడ్డారు. కానీ ఆయుష్షు దగ్గర, ముఖ్యంగా నీలం రంగు దగ్గర ఇబ్బందులు వచ్చాయి. అందుకే పాలిమర్ డిస్‌ప్లే ఉద్యోగం ఒక్కటే లెక్కలో పెట్టుకుని దిగకండి.

మరి దిగడం ఎందుకంటారా? ఒక డివైస్‌నే తీసుకుందాం. గాజు మీద పారదర్శకమైన ఐటీవో (ఇండియం టిన్ ఆక్సైడ్) ఎలక్ట్రోడ్, దానిపైన సుమారు 100 నానోమీటర్ల పాలిమర్, ఆపైన లోహం. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండోవైపు నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) వచ్చి ఎక్సిటాన్లు అనే జంటలుగా జతకడతాయి. స్పిన్ లెక్కన ఆ జంటల్లో నాలుగింట ఒకటే సింగ్లెట్ అనే రకం, మిగతా మూడూ ట్రిప్లెట్లు. మామూలు ఫ్లోరసెంట్ పాలిమర్‌లో ప్రధానంగా వెలుగిచ్చేది అదే, ట్రిప్లెట్లు చాలావరకు వృథా. ఇక సీలింగ్ సరిగా లేకపోతే, సాయంత్రం చక్కగా వెలిగిన డివైస్ మీద తెల్లారేసరికి నల్లమచ్చలు కనిపిస్తాయి. తేమ దూరిందా? పాలిమర్‌ను తయారుచేసే సుజుకి కప్లింగ్ అనే చర్యలో వాడిన పల్లాడియం పాలిమర్‌లో మిగిలిపోయి వెలుగును తినేస్తోందా? ఈ రెండో అనుమానం ఫిజిక్స్ వాళ్లకంటే మీకే ముందు వస్తుంది. కెమిస్ట్రీ చదివినందుకు మీకున్న బలం అదే.

ఫిజిక్స్ మొత్తం అక్కర్లేదు. ఎనర్జీ లెవల్స్ బొమ్మ, డయోడ్ కరెంటు-వోల్టేజ్ గ్రాఫ్ చదవడం వస్తే మొదలుపెట్టొచ్చు, మిగతాది ల్యాబ్‌లోనే వస్తుంది. స్పిన్ కోటింగ్ (గిర్రున తిప్పి పలుచని పొర వేయడం), గ్లవ్ బాక్స్‌లో (గాలి, తేమ చొరబడని పెట్టెలో) పని, పొర మందం కొలవడం చేతికి వస్తే ఆర్గానిక్ సోలార్ సెల్స్, పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థాల పరికరాలు, ఫోటోడిటెక్టర్లు, ఎటైనా మారొచ్చు.

అందుకే టాపిక్ పేరు కంటే ల్యాబ్‌ను జాగ్రత్తగా ఎంచుకోండి. గైడ్‌తో మాట్లాడే ముందు అక్కడి రిసెర్చ్ స్కాలర్లను రెండు ప్రశ్నలు అడగండి: డివైస్‌లు మీరే చేస్తారా, పాలిమర్ చేసి వేరే చోటికి పంపుతారా? గ్లవ్ బాక్స్ గత ఏడాదిలో ఎన్ని నెలలు పనిచేసింది? రెండో ప్రశ్నకు వాళ్లు నవ్వితే, ఇంకో ల్యాబ్ కూడా చూసుకోండి.